కంచాలు కడిగి కబురు చెప్పినవాడు

మా క్లాసువాళ్లందరినీ ఏడాదికొకసారి ఒకచోట కూర్చోబెట్టినవాడు, కాలేజీలో నా పక్క బెంచీవాడు, మొన్న శుక్రవారం పోయాడు. ఫిషింగ్ హార్బర్ గేటు దగ్గర నేను వాక్యం చెప్పడం ముగించి బైబిలు గ్రంథం మూస్తుంటే అతని తమ్ముడు స్కూటరు ఆపి, "అన్నయ్య పోనాడు బావా" అన్నాడు. వెళ్లి స్కూటరు వెనక ఎక్కి కూర్చున్నాను.

చదువరులారా, నన్ను మీరు అరిచే మనిషిగానే ఎరుగుదురు. తాగుడు మీద అరిచాను, వడ్డీల మీద అరిచాను, ఆదివారం ప్రార్థన చేసి సోమవారం తూకంలో మోసం చేసేవాళ్ల మీద మరీ అరిచాను. ఈ నాలుగు మాటలు మాత్రం గొంతు తగ్గించి చెబుతాను.

నేను కాలేజీలో ఉన్నది ఒక్క ఏడాది. మా నాయన పోతే పోర్టులో బస్తాలు మోయడానికి దిగాను. ఆ తర్వాత నేర్చుకున్నదంతా గ్రంథం ముందు ఒంటరిగా కూర్చుని నేర్చుకున్నదే. తక్కినవాళ్లు ఆఫీసర్లయ్యారు, లెక్చరర్లయ్యారు, ఒకడు వకీలయ్యాడు. అందరూ రిటైరయ్యే వయసుకి ఇతను ద్వారకా నగర్‌లోని తన ఇంటికి మమ్మల్ని పిలవడం మొదలుపెట్టాడు. డిగ్రీ లేనివాణ్ణి, నేను రానన్నాను. సరాసరి నా గదికే వచ్చేశాడు.

"ఆళ్లు డిగ్రీ అట్టుకొని పోనారు, నువ్వు ఒట్టి సేతుల్తో పోనావు. ఒక్క ఏడాదైనా బెంచీ బెంచే కాదేటి? సొక్కా మార్చు బావా, కూర సల్లారిపోతాది."

అరవై దాటిన మగవాళ్లు నలుగురు చేరితే ఏం మాట్లాడుకుంటారో మీకు తెలియనిది కాదు. షుగరు, బీపీ, మోకాళ్లు, కంట్లో శుక్లం. అది పడక అతనొక రూలు పెట్టాడు. రోగం మాట ఎత్తినవాడు భోజనాలయ్యాక అందరి కంచాలూ కడగాలి. ఒకసారి వకీలు పప్పు నోట్లో పెట్టుకుని, "ఉప్పు తగ్గించమన్నాడు డాక్టరు" అని నాలిక్కరుచుకున్నాడు.

"కడుగు!" అన్నాడు రూలు పెట్టినవాడు.

"అది రోగం కాదయ్యా, సలహా!"

"సలహాయా? అయితే సబ్బు ఫ్రీ."

రోగాలు పక్కన పెడితే మిగిలేవి కబుర్లే. ఒకడి కూతురికి భీమిలి బదిలీ అయింది, ఒకడి మనవరాలు తప్పటడుగులు వేస్తోంది. నా వంతు వచ్చేసరికి నేను తల దించుకునేవాణ్ణి. నాకు పిల్లలు లేరు. భార్య పోయి చాలా ఏళ్లయింది. అతను వదిలేవాడు కాదు. "నిన్న ఏటి తిన్నావు? ఎవులు పలకరించేరు? అదే కబురు. సెప్పు." ఊళ్లో నన్ను అయ్యగారూ అనేవాళ్లు చాలామంది. వాళ్లందరికీ నా ప్రార్థన కావాలి. నేను తిన్నానో లేదో కావలసింది ఆ ఒక్క ఇంటికే. ఆ గుమ్మం లేకపోతే నా సంగతి అడిగే చోటు ఈ పట్నంలో నాకు మరొకటి లేదు.

అతను సింహాచలం కొండ ఎక్కే మనిషి. అయినా అప్పుడప్పుడు హార్బర్‌కి వచ్చి, ఐసు లారీ నీడన నిలబడి నా బోధ వినేవాడు. అయ్యాక దగ్గరకొచ్చి, "మీ దేవుడికి సెవుడు లేదు కదా, ఎందుకలగ అరుత్తావు?" అనేవాడు. "దేవుడికి లేదు, నీకుంది" అనేవాణ్ణి. ఇద్దరం టీ తాగేవాళ్లం. నా వాక్యం అతన్ని ఒక్క అంగుళం కూడా కదపలేదు. దానికి నేను కుమిలేవాణ్ణి గానీ, అతనికి నా మీద ఆపేక్ష తగ్గలేదు.

కిందటేడు భోజనాలయ్యాయి. ఎవరూ నోరు జారలేదు. అతను లేచి, పంచె ఎగ్గట్టి, కంచాలన్నీ దొంతరగా పేర్చుకుని పెరట్లో కుళాయి దగ్గరకు నడిచాడు.

"ఏటి, రూలెట్టినోడే దొరికిపోనాడా? మేం ఇన్లేదే!" అని అందరూ నవ్వారు. అతనూ నవ్వాడు.

శిష్యుల పాదాలు కడిగిన ప్రభువు గురించి నేను ఎన్ని వీధుల్లో చెప్పానో లెక్కలేదు. ఆ పూట మాత్రం వెళ్లి పక్కన గొంతుక్కూర్చున్నాను.

"ఏటి బావా ఇది?"

"కడుగుతన్నాను కదా. అదే సెప్పడం. ఇంక అడక్కు."

"డాక్టరు ఏమన్నాడు?"

"సూసేవా, నువ్వూ ఎత్తేవు." కొబ్బరి పీచు నా చేతిలో పెట్టాడు. "తోము."

తోమాను. లోపల వాళ్ల నవ్వులు వినిపిస్తూనే ఉన్నాయి. ఆఖరి కంచం బోర్లించాక అతను చేతులు తుడుచుకుంటూ అన్నాడు: "ఆళ్లకి సెప్పకు. తెలిస్తే ఒచ్చే ఏడు ముకం సూడ్డానికి బయపడి రారు."

చెప్పలేదు.

శ్మశానంలో అతని పెద్దకొడుకు, "మావయ్యా, మీరో మాట చెప్పండి" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నా చంకలోని గ్రంథం వైపు చూశారు. అతను నమ్మని మాట అతని చితి ముందు చెప్పడానికి నాకు మనసొప్పలేదు. "మీ నాన్న నన్ను బెంచీ దిగనివ్వలేదు బాబూ" అన్నాను.

ఇంటికి వచ్చాక అతని భార్య గుమ్మంలో నిలబడి, "ఒచ్చే ఏడు కూడా అందరూ ఇక్కడికే రండి అన్నయ్యగారూ, నాను వండుతాను" అంది. వకీలు కళ్లజోడు తుడుచుకుంటూ, "చూద్దామమ్మా" అన్నాడు. వస్తామని ఎవరూ అనలేదు. నాకు అనాలనే ఉంది. వస్తానని ఒక్కణ్ణీ ఎలా అనను? ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర ఎవరి బస్సు వాళ్లు ఎక్కారు.

మర్నాడు వేకువనే హార్బర్‌కి వెళ్లాను. పడవలు చేరుతున్నాయి, వేలం పాటలు సాగుతున్నాయి. ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి గ్రంథం తెరిచాను. తెరిచిన పేజీ మీదే వేలు పెట్టి నిలబడిపోయాను. కాసేపు చూసి, రొయ్యలు ఏరుతున్న ఒకామె అడిగింది.

"ఏటి బాబూ, ఇయాల సెప్పరేటి?"

"నా సావాసగాడు పోయాడమ్మా."

ఆమె ఏరడం ఆపలేదు. ఖాళీ తట్ట ఒకటి బోర్లించి, కాలితో నా వైపు తోసింది. "కూకోండి."

కూర్చున్నాను. ఆమె మళ్లీ బేరంలో పడింది. తట్టల కింద ఐసు కరిగి, నా చెప్పుల పక్కనుంచి సన్నగా సముద్రం వైపు పారుతోంది.