ముందు నలభై పేజీలు

మా జహీరాబాద్‌లో ఎవరికైనా సర్కారు నౌకరి వచ్చిందంటే చాలు, మిఠాయి డబ్బా విప్పకముందే జనం పుస్తకాలు అడుగుతారు. ఏ పుస్తకాలు చదివావని కాదు, నువ్వు చదివినవే ఇమ్మని. అచ్చం అదే పుస్తకం బజార్లో కొత్తది దొరికినా వద్దు. గెలిచిన చెయ్యి తాకిన కాగితమే కావాలి. ఓడినవాళ్ల పుస్తకాలకు ఆ మర్యాద లేదు. అవి పాత కాగితాలు కొనే రద్దీవాడి తక్కెట్లోకో, మిర్చిబజ్జీల బండికో పోతాయి. ఈ ఆచారాన్ని నేను తిట్టినంతగా ఇంకెవరూ తిట్టి ఉండరు. ఎందుకంటే నేను టీచరునైంది ఓడిన పుస్తకాలతోనే.

అవి మా వదినవి. వదినంటే మా ఆయన అక్క. టీచర్ ట్రైనింగు చేసి, నా పెళ్లికి ముందే రెండుసార్లు డీఎస్సీ రాసింది. మొదటిసారి అర మార్కులో పోయింది. రెండోసారి ఇంకాస్త ఎక్కువలో పోయింది. ఆ రోజే పుస్తకాలన్నీ యూరియా సంచిలో కుక్కి, రైల్వే గేటు అవతల ఉన్న అత్తగారింటి నుంచి మోసుకొచ్చి, పుట్టింట్లో అల్లం అర్రలో పడేసిందట. కోహీర్ దిక్కున మాకున్న రెండెకరాల్లో అల్లం వేస్తాం. మరుసటి ఏడు విత్తనానికి దాచే అల్లం ఆ చీకటి గదిలో ఉంటుంది. వదిన తర్వాత ఒక కుట్టుమిషన్ కొనుక్కుంది. పరీక్ష మాట ఆమె ఎత్తలేదు, ఇంట్లో ఇంకెవరూ ఎత్తలేదు.

నేను కోడలిగా వచ్చేనాటికి నా ట్రైనింగు కూడా అయిపోయింది. రాష్ట్రం వచ్చాక మొదటి డీఎస్సీ పడుతోందని తెలిసిన వారానికే మా బజార్లో పుస్తకాలు ఖాళీ అయ్యాయి. అప్పుడు అల్లం అర్రలో ఆ సంచి నా కంటబడింది. లాగబోతుంటే మా అత్త తల కొట్టుకుంది. ఆ పుస్తకాలు కలిసి రాలేదని, వాటితో చదివితే నా బిడ్డకు పోయినట్టే నీకూ పోతుందని గోల పెట్టింది. నాకు మొండితనం పుట్టుకతో వచ్చిన గుణం. వద్దన్నారంటే అదే కావాలి.

"గవే సదువుత అత్తమ్మా. ఎట్ల పోతదో నేను గూడ సూస్త," అన్నాను.

సంచి మూతి విప్పితే గుప్పుమని అల్లం వాసన. వదిన చదివిన కాలంలో రాష్ట్రానికి ఇరవై మూడు జిల్లాలు. నేను దాన్ని కొట్టేసి పక్కన ముప్పై ఒకటి అని రాసుకున్నాను. అంచుల నిండా వదిన పెన్సిలు రాత, చిన్న చిన్న గుండ్రటి అక్షరాలు. అన్నిటికన్నా ఘోరం శిశు మనోవిజ్ఞానం పుస్తకానికి జరిగింది. అట్ట లేదు, ముందు నలభై పేజీలు లేవు. పుస్తకం నలభై ఒకటో పేజీతో మొదలవుతోంది. అత్తను అడిగితే ఏ మాత్రం తడబడకుండా చెప్పింది. విత్తనం అల్లం గంపల అడుగున చెమ్మ పీల్చడానికి కాగితం పరచాలి కదా, అందుకని ఏటా కొన్ని చించిందట. అట్ట ఉన్నవాటిని చించడానికి మనసొప్పక అట్ట ఊడినదాన్నే చించానని, అదేదో పుణ్యం చేసినట్టు చెప్పింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఆ సాయంత్రమే వదిన ఇంటికి పోయాను. ఆమె మిషన్ మీద ఏదో స్కూలు చొక్కా కుడుతోంది. మొదటి పాఠంలో పెరుగుదలకూ వికాసానికీ తేడా ఏదో ఉంటుందట కదా, అదేమిటి వదినా అని అడిగాను. ఆమె తల ఎత్తలేదు, తొక్కుడు ఆపలేదు.

"పిల్లగాని అంగి కొలత పెద్దగైతె పెరుగుదల. గా అంగి గుండీలు వాడే పెట్టుకుంటె వికాసం. మొదటిది టేపుకు అందుతది, రెండోది అందదు."

ఆ ఒక్క ముక్కతో మా కాలేజీలో రెండేళ్లు అర్థం కానిది అర్థమైంది. తొమ్మిది సాయంత్రాలు వరసగా పోయాను. చొక్కాలు కుడుతూనే వదిన నలభై పేజీలూ చెప్పింది. ఇది పన్నెండో పేజీలో ఉంటుంది, కింద డబ్బా గీసి ఉంటుంది, అందులోంచి బిట్టు వస్తుంది అని జాగాతో సహా చెప్పింది. నోటుబుక్కు తీస్తే మూయించేది. రాస్తే కాగితంలో ఉంటుంది, వింటే తలకాయలో ఉంటుంది అనేది. ఆమె జ్ఞాపకశక్తికి ఆశ్చర్యపోయాను గానీ, అన్నేళ్ల తర్వాత కూడా ఒక మనిషి ఆ పేజీలను అలా ఎందుకు మోస్తోందో ఆలోచించలేదు. అంత తెలివి నాకు ఎక్కడిది!

నాకు నౌకరి వచ్చింది. మా ఇంటి ముందు పండగే. ఏ పుస్తకాలను చూసి మా అత్త తల కొట్టుకుందో, వాటికే పసుపు కుంకుమ పెట్టి దేవుడి గూట్లో పేర్చింది. ఆ సంబరంలో నేనొక తప్పు చేశాను. మేం ఖాలా అని పిలిచే పక్కింటి ముస్లిం ఆవిడ వచ్చి తన బిడ్డకు పుస్తకాలు ఇమ్మంటే తీసుకుపొమ్మన్నాను. ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో చేసే ఎదురింటాయన తన మరదలి కోసం అడిగితే దానికేం అన్నాను. రాయికోడ్ నుంచి మా చిన్నమ్మ ఫోన్ చేసి మా పిల్లకు తీసిపెట్టమంటే సరే పెడతానన్నాను. ముగ్గురినీ ఆదివారమే రమ్మన్నాను. ఉన్నది ఒకటే సంచి. ఒళ్లు తెలియని సంతోషమంటే అదే కాబోలు.

ఆదివారం ముగ్గురూ ఒకేసారి దిగారు. పుస్తకాలు ఎవరివో తేల్చుకునే గొడవలో వాళ్లుంటే, ఖాలా బిడ్డ మాత్రం కింద కూర్చుని ఒక్కో పుస్తకం తిప్పి చూస్తోంది. ఆ పిల్ల తెలుగు మీడియంలోనే చదివి ట్రైనింగు చేసింది. నన్ను భాభీ అని పిలుస్తుంది. మనోవిజ్ఞానం పుస్తకం పట్టుకుని అడిగింది.

"భాభీ, దీనికి ముందు నలభై పేజీలు లెవ్వు గదా. మరి గవి మీరు ఏడ సదివిన్రు?"

వారం రోజులుగా ఊరంతా నాకు మిఠాయి తినిపిస్తోంది. వదిన కూడా వచ్చింది, నా నోట్లో చక్కెర పోసి, కుట్టే బట్టలున్నాయని పది నిమిషాల్లో వెళ్లిపోయింది. ఉండమని నేను చెయ్యి పట్టుకోలేదు. ఈ పుస్తకాలు ఆమెవని, అందులో లేనివి కూడా ఆమెవేనని ఒక్కరితో అనలేదు. పైగా ఆమె సంచిని ఆమెను అడగకుండా ముగ్గురికి దానం చేశాను. సిగ్గుతో చచ్చిపోయాను.

పుస్తకాలు ఎవరికీ ఇవ్వనని చెప్పాను. చదవాలనుకున్నవాళ్లు మా వదిన ఇంటికి రండి అన్నాను. ఎదురింటాయన మొహం మాడిపోయింది. నౌకరి రాగానే కళ్లు నెత్తికెక్కాయని వీధిలో నిలబడి అన్నాడు. ఓడిపోయినామె దగ్గర ఏం నేర్చుకుంటారని కూడా అన్నాడు. మాట ఇచ్చి తప్పుతావా అని అత్త నా మీద లేచింది. నేను అవన్నీ మళ్లీ ఆ యూరియా సంచిలోనే వేసి భుజానికెత్తుకున్నాను. ఖాలా బిడ్డ నవ్వుతూ సంచి రెండో కొస పట్టుకుంది. ఇద్దరం రైల్వే గేటు దాటి పోయి, వదిన బట్ట కత్తిరించే బల్ల మీద దాన్ని దబ్బున దించాం.

వదిన మిషన్ ఆగిపోయింది. సంచి వంక చూసి ఆమె మొహం పాలిపోయింది. మళ్లీ ఇది నా ఇంటికెందుకు తెచ్చావు అంది. పుస్తకాలు అడిగిన ఈ పిల్లలకు నువ్వు చెప్పాలి, ఇంకోసారి డీఎస్సీ పడితే నువ్వూ రాయాలి అన్నాను.

"రెండుమాట్ల ఇజ్జత్ వోయింది. మూడోమాటు గూడ పోవాల్నా? పిల్లా, నన్ను గిట్లనే ఉండనియ్యి."

నాకు కోపం ఆగలేదు. నా నౌకరిలో సగం నీది అన్నాను. నలభై పేజీలు తలలో పెట్టుకుని చొక్కాలు కుట్టే మనిషికి పరీక్ష మీద ఆశ చచ్చిందంటే నేను నమ్మను అన్నాను. నువ్వు రాయనంటే నేను కూడా జాయిన్ కానని ఒక పిచ్చి మాట అనేశాను. అన్నాక నాకే భయమేసింది, నిజంగానే సరే పో అంటే ఏం చెయ్యాలో తెలియక. వదిన నన్ను పైనుంచి కింద దాకా చూసి ఫక్కున నవ్వింది.

"నువ్వు జాయిన్ గాకుంటె మా అమ్మ గుండె ఆగి సస్తది. గా పాపం నాకెందుకు?"

నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఖాలా బిడ్డ ఆ సందు దొరకబుచ్చుకుని కింద చతికిలబడి, ముందు పాఠం ఏముంటుంది ఆపా అని, అక్కను పిలిచినట్టు పిలిచి అడిగింది. వదిన చేతిలో ఉన్న చొక్కాను ఎత్తి చూపించి, గుండీల నుంచి మొదలుపెట్టింది. ఆ సాయంత్రం మళ్లీ మిషన్ కదలలేదు.

తర్వాత ఐదారేళ్లు నోటిఫికేషన్ జాడే లేదు. ఎదురింటాయన మరదలు అలక తీరాక ఒక నెల వచ్చి మానేసింది. చిన్నమ్మ బిడ్డ పెళ్లయ్యేదాకా సంత రోజున వచ్చేది. ఖాలా బిడ్డ మాత్రం ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ, సాయంత్రం నమాజు కాగానే గేటు దాటి వచ్చేసేది. వదిన బట్ట ముక్కలు కత్తిరించి భిన్నాలు చెప్పేది. పుస్తకంలో జిల్లాల లెక్క ముప్పై ఒకటి కొట్టేసి ఖాలా బిడ్డ ఎర్ర ఇంకుతో ముప్పై మూడు రాసింది. అంచున వదిన పెన్సిలు రాతతో కలిపి ఒకే వాక్యం దగ్గర ముగ్గురి చేతిరాత చేరింది. నువ్వు రాస్తున్నావు కదా అని నేను అడిగినప్పుడల్లా వదిన, నేను చెప్పేదాన్నే గానీ రాసేదాన్ని కాదు అని తప్పించుకునేది.

చివరికి నోటిఫికేషన్ పడింది. నేను వేళ్ల మీద లెక్కేశాను. వదినకు నలభై దాటాయి. మళ్లీ ఇన్నేళ్లు గడిచాక పడితే వయసు మించిపోతుంది. ఆమెకు ఇదే ఆఖరిది. ఆ మాట ఆమె మొహం మీదే అన్నాను. దరఖాస్తుకు చివరి రోజు మధ్యాహ్నం దాకా వదిన కదలలేదు. నేను బడికి సెలవు పెట్టి వచ్చి, కుడుతున్న బట్ట చేతిలోంచి గుంజి, స్కూటీ మీద కూర్చోబెట్టుకుని నెట్ సెంటరుకు తీసుకుపోయాను. దరఖాస్తుకు అక్కడ తీసిన ఫొటోలో ఆమె భుజం మీద కొలత టేపు అలాగే ఉంది.

కొత్త చిక్కు ఏమిటంటే, పరీక్ష కాగితం మీద కాదు, కంప్యూటర్ మీద. వదిన మౌస్‌ను ముట్టుకోవడానికే భయపడింది. ఈసారి ఖాలా బిడ్డ టీచరైంది. వాళ్లన్న ల్యాప్‌టాప్ తెచ్చి కత్తిరించే బల్ల మీదే పెట్టి రోజూ గంట నేర్పింది. వదిన వేలు మౌస్ నొక్కినప్పుడల్లా కింద కుడికాలు కూడా తొక్కేది. ఆ కాలు ఆపడానికే వారం పట్టింది. అది చూసి మేమిద్దరం నవ్వి నవ్వి కడుపు పట్టుకునేవాళ్లం. వదిన మాత్రం తన పాఠం పట్టు విడవకుండా నేర్చుకుంది.

ఫలితం వచ్చిన రోజు ముగ్గురం ఆ బల్ల దగ్గరే ఉన్నాం. నా ఫోన్‌లో చూశాం. వదినకు వచ్చింది! మా జిల్లాలోనే, మంచి ర్యాంకుతో వచ్చింది. నేను అరిచిన అరుపుకు గేటు దగ్గర ఆగిన లారీవాళ్లు కూడా తిరిగి చూశారు. వదిన ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుని తన నంబరును పదేపదే చదువుకుంది. నేను ఏడ్చాను, అస్సలు సిగ్గుపడలేదు. పన్నెండేళ్లు అల్లం గంపల కింద అణిగిపోయిన మనిషి మా కళ్ల ముందు లేచి నిలబడింది.

ఖాలా బిడ్డకు రాలేదు. కొద్దిలో పోయింది. ఆ పిల్ల వదినను గట్టిగా కావలించుకుని, ముబారక్ ఆపా అని, తర్వాత పోయి గడప పక్కన కూర్చుంది.

గంటలో ఇల్లు నిండిపోయింది. అత్త ఆటోలో దిగింది, చేతిలో పసుపు కుంకుమ భరిణెతో. నా బిడ్డ పుస్తకాలు మొదటి నుంచీ లక్ష్మీ పుస్తకాలే అని వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. చించి గంపల కింద పరిచిన సంగతి గుర్తు చేద్దామనుకున్నాను గానీ ఆమె సంతోషం చూసి ఊరుకున్నాను. ఇంతలో ఎదురింటాయన మిఠాయి పొట్లం పట్టుకుని వచ్చాడు. ఇప్పుడు ఆయన బిడ్డే ట్రైనింగు చేస్తోంది. నాలుగు మంచి మాటలు అని, మెల్లగా అసలు సంగతికి వచ్చాడు. ఇంక మీకు వాటితో పని లేదు కదా, ఆ పుస్తకాలు మా పిల్లకు ఇప్పించండి అన్నాడు.

గదిలో అందరూ వదిన వైపు చూశారు. ఆమె గడప దగ్గర తల వంచుకుని కూర్చున్న ఖాలా బిడ్డ వైపు చూసింది. ఆ చూపు ఏమిటో నాకు తెలుసు. ఒకనాడు సంచి మోసుకుంటూ ఒంటరిగా గేటు దాటిన మనిషి చూపు అది. వదిన లేచి, మనోవిజ్ఞానం పుస్తకం తీసుకుపోయి ఆ పిల్ల ఒళ్లో పెట్టింది.

"అన్నా, పుస్తకాలు ఇచ్చేది లేదు. మీ బిడ్డను రేపటిసంది ఈడికి పంపుండ్రి. ముందు నలభై పేజీలు ఈమె చెప్తది."

ఖాలా బిడ్డ తల ఎత్తింది. ఎదురింటాయన ఒక క్షణం తటపటాయించి, ఎన్ని గంటలకు పంపమంటావమ్మా అని ఆ పిల్లనే అడిగాడు.