కంటి డాక్టరు దగ్గర నా గుడ్డితనం

కళ్లజోడు మీది మోజుతో నేను చేసిన నిర్వాకం చెబుతాను, వినండి. దాని దెబ్బకు మా ఇంట్లో బెల్లం బంద్ అయింది, నలుగురిలో నా పరువు పోయింది.

అప్పుడు మాది కర్నూలు జిల్లా, పైన మద్రాసు సర్కారు. బేస్తవారిపేట దగ్గరి పల్లెలో నాకు కొత్తగా పంతులు ఉద్యోగం వచ్చింది. మీసం కూడా సరిగా రాని నన్ను చూసి ఎవరూ పంతులనుకునేవారు కాదు. కళ్లజోడు పెడితే ముఖానికి పెద్దరికం వస్తుందని నా ఆలోచన. కానీ మా నాయన గొర్రెలు కాసి నన్ను చదివించిన మనిషి, పైగా చర్చిలో సంఘపెద్ద. డాక్టరు చెప్పందే అలాంటి సోకులు సాగనివ్వడు. అందుకని నెల రోజులు ఇంట్లో గుడ్డివాడిగా బతికాను. గడపలు తన్నాను. అమ్మ అన్నం పెడితే కంచం పక్కన చెయ్యి పెట్టాను. ఒకసారి మేకపోతుకు "వందనాలన్నా" అని కూడా చెప్పాను. పాపం, నాయన నమ్మి బెంగపడ్డాడు. మార్కాపురం సత్రంలో కంటి డాక్టరు దిగాడని తెలిసి, నన్ను రైలెక్కించి తీసుకుపోయాడు.

"ఆ అట్ట మీద పై అక్షరం చదువు," అన్నాడు డాక్టరు.

"ఏ అట్ట సార్?"

"గోడ మీది అట్ట."

"ఏ గోడ సార్?"

మీకు నవ్వొస్తోందేమో గానీ, నా నటనకు నేనే మురిసిపోయాను. నాయన చేతులు కట్టుకుని, "నిజం సార్. మావోడు మేకపోతుకు వందనాలు చెప్పినాడు. నా కండ్లారా చూసినా," అని సాక్ష్యం పలికాడు.

సరిగ్గా అప్పుడే బెంచీ కింద చీకట్లో, నాయన మడమ పక్కన చిటికెన వేలంత తేలు కదిలింది.

"నాయనా, తేలు! కాలు తియ్యి!"

నాయన వంగి చూశాడు. "ఏడరా?"

"నీ మడమ కాడే!"

"ఏంది, ఇదా? ఇది చీపురుపుల్ల గదరా," అంటూ చెయ్యి చాపాడు.

చెప్పు తీసి ఒక్కటేశాను. గురి తప్పలేదు. అదే నా కొంప ముంచింది.

డాక్టరు చచ్చిన తేలును చూశాడు, తర్వాత నన్ను చూశాడు. "నీ కళ్లు భేషుగ్గా ఉన్నాయి పంతులూ, నువ్వు లే. పెద్దాయనా, మీరు కూర్చోండి," అన్నాడు.

నాయన కళ్లలో మందు చుక్కలు వేసి, కాసేపాగి, దీపం దగ్గర పెట్టి, నడుమ చిల్లున్న చిన్న అద్దంలోంచి లోపలికి చూశాడు. డాక్టరు ముఖం మారిపోయింది.

"కంటి లోపల నెత్తురు చుక్కలున్నాయి. జబ్బు కంటిది కాదు, ఒంటిది. మీకు దప్పిక ఎక్కువా?"

"గొర్లెమ్మడి తిరిగేటోనికి దప్పిక కాదా సార్?"

"మీరు ఉచ్చ పోసినచోట చీమలు పడతాయా?"

"ఎందుకు పడవు? మా దొడ్డి నిండా చీమలే. మా ఆడమనిషి పసుపు చల్లలేక సస్తాంది."

నాయన ఉచ్చను నీలం మందులో పోసి మరిగిస్తే అది ఇటుక రంగుకు తిరిగింది. "చక్కెర జబ్బు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే చూపు పోయేది. బెల్లం మానండి, వరన్నం తగ్గించండి," అని చెప్పి మందు రాశాడు డాక్టరు.

నేను గుడ్డివాడిగా నటిస్తున్న ఇంట్లోనే నాయనకు నిజంగా చూపు తగ్గుతోంది, నేను గమనించనేలేదు. సిగ్గేసింది. అంతకన్నా భయం వేసింది.

ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ నాయన లేచి నిలబడ్డాడు.

"నా కొడుకు నెల దినాలు నాతో అబద్ధమాడినాడు. వాడు ఆడకుంటే నేను డాక్టరు గడప తొక్కేటోన్ని కాదు, నా కండ్లు పోయేటివి. ఇప్పుడు వాన్ని క్షమించమని ప్రార్థన చేయాల్నా, వాన్ని ఇచ్చినందుకు స్తోత్రం చెప్పాల్నా? అయ్యగారే చెప్పాల."

పాస్టరయ్యగారు "రెండూ చేద్దాం," అని కళ్లు మూసుకున్నారు.

నేనూ మోకాళ్ల మీద నిలబడి గట్టి తీర్మానం చేసుకున్నాను. ఇకమీదట ఏ డాక్టరు ముందూ అబద్ధమాడను. తప్పనిసరై ఆడవలసి వస్తే, నాయనను వెంట తీసుకుపోకుండా మాత్రం ఆడను.