ఢిల్లీ దొర తిన్న గోధుమ సంగటి

ఆ రోజుల్లో ఢిల్లీ మాకు చాలా దూరం, తిట్టడానికి మాత్రం మా దుకాణం అరుగంత దగ్గర. హిందూపురం బజారులో పొద్దున్నే తలుపు పలకలు తీసి, సాంబ్రాణి పొగ వేసి, మొదటి బేరం తగలకముందే ఒక విడత ప్రభుత్వాన్ని తిట్టుకోవడం దాదాపు పూజలో భాగంగా ఉండేది. ఇరవై మూడేళ్ల వయసులో నేను ఆ పూజకు ఉత్సాహం గల పూజారిని. (ఇప్పుడా పని మనవళ్లకు అప్పగించి కాఫీ తాగుతూ వింటున్నాను. వాళ్లకు గొంతు ఉంది గానీ మాకున్న ఓపిక లేదు.)

మా కోపానికి కారణం లేకపోలేదు. రెండేళ్లు వరసగా వానలు ఎగ్గొట్టాయి. మా దుకాణంలోనే మా నాయన నడిపే రేషన్ డిపోకు రాగులు రావడం ఆగిపోయి, వాటి స్థానంలో గోధుమలు వచ్చాయి. రాగిసంగటి తప్ప వేరేది తిండే కాదనుకునే ఊరికి, ఓడలెక్కి సముద్రాలు దాటి గోధుమలు రావచ్చునట. ఎద్దులబండిలో ఒక పూట ప్రయాణం చేస్తే తగిలే, రాష్ట్రం హద్దుకు అవతలి గౌరిబిదనూరు సంతలో రాగులు కుప్పలు పోసి ఉన్నా అవి మాత్రం రాకూడదట. ధాన్యం ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి హద్దు దాటకూడదని ఢిల్లీ ఉత్తర్వు, దానికి దారిలో ఒక చెక్‌పోస్టు. ఇది చాలదన్నట్టు, చపాతీ ఎలా చెయ్యాలో నేర్పడానికి మైకు కట్టిన వ్యాను ఒకటి పంపించారు. దాని ముందు నిలబడి మా బెల్లం మండీ మామ (నాకు పిల్లనిచ్చే ఉద్దేశం ఉండి, ఆ సంవత్సరం తర్వాత కొంచెం ఆలోచనలో పడ్డ మనిషి) అన్న మాట బజారంతా తిరిగింది. "ఏమప్పా, చపాతీకి నూనె యాడుండాది, కట్టెలు యాడుండాయి? ఈ బండికి పోసే డీజిలు దుడ్లతో మాకు రాగులే కొనీయొచ్చు గదా."

వీధిలో వాళ్లకు అది రాజకీయం. నాకు మాత్రం ఇంట్లో అవ్వ. మా అవ్వకు నోట్లో ఒక్క పన్ను లేదు. సంగటి నమిలే వస్తువు కాదు, ఊరుబిండి పచ్చడిలో అద్ది మింగేది, కాబట్టి పళ్లు లేని లోటు ఆమెకు ఎన్నడూ తెలియలేదు. గోధుమలు వచ్చాక తెలిసింది. రేషన్లో వచ్చే పిడికెడు బియ్యంతో గంజి కాచి, మజ్జిగ కలుపుకొని తాగి పడుకునేది. రెండు నెలల్లో ఆమె గాజులు మోచేతి దాకా జారడం మొదలుపెట్టాయి. "ఆకలి కాలేదురా" అనేది. అబద్ధమాడేవాళ్లను బేరంలో ఇట్టే పట్టేసే నేను, ఆ అబద్ధం వినలేక దుకాణంలోకి వచ్చేసేవాణ్ణి.

అట్లాంటప్పుడు, జనం గోధుమలు తింటున్నారో లేదో చూడ్డానికి ఢిల్లీ నుంచి ఒక అధికారి బయలుదేరాడని కబురొచ్చింది. ధర్మవరంలో నేతగాళ్లందరూ చుట్టుముట్టి ఒక్కసారే మాట్లాడితే, ఒక్క ముక్కా అర్థం కాక జీపెక్కేశాడట. పెనుకొండలో పెద్దలు ఇంగ్లీషులో అర్జీ రాసి చదివారట. అది ఎంత పొడుగంటే, మూడో పేజీలో దొరకు కునుకు పట్టిందట. దీంతో మా బజారు పెద్దలు ఒక తీర్మానానికి వచ్చారు. హిందూపురంలో ఒక్కడే మాట్లాడాలి, హిందీలో మాట్లాడాలి, రాగులు హద్దు దాటడానికి పర్మిట్ అడగాలి. రెండు హిందీ పరీక్షలు ప్యాసయి, ఉత్తరాది నుంచి బెల్లానికి వచ్చే సేట్లతో బేరాలాడే వాణ్ణి నేనే కాబట్టి ఆ బాధ్యత నా నెత్తిన పడింది. నిజం చెప్పాలంటే నేనే నెత్తి వంచాను.

దొర వచ్చాడు. లావుపాటి, చెమట పట్టిన, మంచి మనిషి. నేరుగా మా డిపోలోకి వచ్చి, మూటలో చెయ్యి పెట్టి, గుప్పెడు గోధుమలు తీసి ముక్కు చిట్లించాడు. "ఇవి పాడైనట్టున్నాయే. జనం ఇబ్బంది పడుతున్నారా?" అని హిందీలో అడిగాడు. ఇంతకంటే ఎవరైనా ఏం తలుపు తెరుస్తారు? అవునండీ అంటే చాలు. కానీ మా దుకాణంలో, మా మూటలో చెయ్యి పెట్టి, ఒక మనిషి ముక్కు చిట్లించాడు. నేను పుట్టినప్పటి నుంచి ఆ ముక్కుకు ఒకటే జవాబు నేర్చుకున్నాను.

"పాడైందా సాబ్? అది ఎండ తగిలిన రంగు. చేతిలో వేసుకొని బరువు చూడండి. గింజ గింజా ఏరినట్టుంది. ఇట్లాంటి సరుకు ఈ బజారులో ఇంకోచోట చూపిస్తే ఈ కొట్టు మూసేస్తాను. జనం ఎగబడి తీసుకుపోతున్నారు."

నోరు దానంతట అదే నడిచింది. ఆపుదామంటే హిందీలో నాకు వేరే మాటలు లేవు. సేట్లతో నేర్చుకున్న భాష కదా, అందులో నాకు అమ్మడం వచ్చు గానీ మొరపెట్టుకోవడం రాదు. దొర ముఖం వెలిగిపోయింది. నోటుపుస్తకం తీసి రాసుకుంటూ, "నాలుగు జిల్లాలు తిరిగాను, ఈ మాట చెప్పినవాడివి నువ్వొక్కడివే. మీ ఊరికి ఇంకా ఎక్కువ పంపమని రాస్తాను" అన్నాడు. బజారు ఉర్దూ వచ్చిన మామ నా చొక్కా వెనక నుంచి లాగాడు. "అల్లుడూ, ఏం చెప్తాండావు? వాన్ని సరుకు కొనమని అడగల్యా గదప్పా మేము." మా నాయన అటు తిరిగి, ఖాళీ తక్కెడను సరిచెయ్యడం మొదలుపెట్టాడు. అది ఇంకా కష్టంగా ఉండింది.

"మీ ఇంట్లోనూ ఇదే తింటారా?" అన్నాడు దొర.

"రెండు పూటలా సాబ్." (అమ్మేవాడు ఒకసారి మొదలుపెట్టాక మధ్యలో దిగడానికి మెట్లుండవు.)

"అయితే ఈ పూట భోజనం మీ ఇంట్లోనే."

దుకాణం వెనకే ఇల్లు. నేను పరుగున పోయి అవ్వకు చెప్పాను. చపాతీ అంటే ఆమెకు మైకులో విన్న మాట. తెలిసిన వంట ఒకటే. ఎసరు పెట్టి, గోధుమపిండి పోసి, తెడ్డుతో కెలికి, చేతులు తడుపుకొని ముద్ద చేసింది. తెడ్డు ముద్దను వదలనంది. ముద్ద చేతిని వదలనంది. పళ్లెంలో వేస్తే చప్పుడు కూడా కాలేదు, అతుక్కుపోయింది. దొర పీట మీద కూర్చున్నాడు. అవ్వ సైగ చేసి చూపించింది, ఇట్లా తుంచాల, ఇట్లా అద్దాల, నమలకుండా మింగాల. పాపం, పెద్దావిడ చెప్పిందని పెద్ద ముద్దే వేసుకున్నాడు.

అది అంగిట్లో పట్టేసింది. దవడలు రెండూ ఒకదాన్నొకటి వదలడం లేదు. దొర చెయ్యెత్తాడు, కళ్లు పెద్దవి చేశాడు, నీళ్లు తాగబోతే అవి గడ్డం మీదుగా చొక్కాలోకి పోయాయి. మా అవ్వ కంగారుపడలేదు. గవర్నమెంటు నోరు తెరవలేని ఇట్లాంటి అదను మళ్లీ రాదని ఆమెకు ఎవరు చెప్పారో గానీ, ఎదురుగా చతికిలబడింది.

"ఏమప్పా, నోటినిండా పండ్లుండే మొగోడివి, నీకే మింగుడు పడకపాయె. నాకు ఒక్క పన్ను ల్యా. నేనేం తినాల? రేయ్, చెప్పరా ఆయప్పకు." చెప్పాను. "వాళ్లమ్మ ఉండాదేమో అడుగు." దొర తల ఊపాడు. "ఆయమ్మకు పండ్లుండాయా?" లేవన్నట్టు అడ్డంగా ఊపాడు. "ఏం తింటాదంట?"

చెంబెడు మజ్జిగ తాగితే గానీ దొరకు నోరు విడివడలేదు. "పప్పులో రొట్టె నానబెట్టుకొని తింటుంది" అన్నాడు నెమ్మదిగా.

"రేపట్నుంచి ఆ రొట్టె తీసేసి, మా రాగులు పంపిస్తే తింటాదా ఆయమ్మ?"

ఈ మాటను హిందీలో పెట్టడానికి తడుముకున్నాను. అవ్వ మాటల్లో అమ్మకం లేదు, అందుకని నాకు సరిగా రాలేదు, మూడు తప్పులతో చెప్పాను. దొరకు అర్థమైంది. పళ్లెం పక్కకు జరిపాడు. తర్వాత నోటుపుస్తకం తీసి, ఇందాక రాసింది కొట్టేసి, పక్కన ఏదో రాశాడు. "రాగులు ఎక్కడ దొరుకుతాయి?" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా మామ వెనక నుంచి, "గౌరిబిదనూరు సాబ్, గౌరిబిదనూరు" అన్నాడు. నన్ను మళ్లీ నమ్మదల్చుకోలేదు.

పర్మిట్ రావడానికి నెలపైనే పట్టింది. ఆ నెలంతా, రాకపోతే ఊరొదిలి ఎక్కడికి పోవాలో ఆలోచిస్తూ నేను నిద్రపోలేదు. చివరికి చెక్‌పోస్టు దాటి రాగుల బండ్లు మా డిపో ముందు ఆగిన రోజు, గుండె మీద నుంచి మూట దించినట్టయింది. బజారులో నా కథే మారిపోయింది. "ముందు పొగిడి ఇంట్లోకి తీసకపోయి, తినిపించి నోరు కట్టేసినాడబ్బా, ఏం ఎత్తు వేసినాడు" అన్నారు. నేను కాదనలేదు. ఊరికే వచ్చిన సరుకును ఎవడు వద్దంటాడు? ఇన్నేళ్లూ ఆ పేరు మీదే నెట్టుకొచ్చాను. ఈ రోజు మీకు చెప్పేస్తున్నాను.

ఆ సాయంత్రం అవ్వ పళ్లెంలో నల్లటి ముద్ద పెట్టుకొని కూర్చుంది. నేను ఎదురుగా కూర్చుని, రాగులు ఈ ఏటి పంటేనని, మట్టిబెడ్డ ఒక్కటీ లేదని, ఇంత మేలురకం చూసి ఎన్నాళ్లయిందోనని చెప్పుకుంటూ పోతున్నాను. అవ్వ తుంచింది, అద్దింది, మింగింది. గొంతులో ముద్ద దిగడం బయటికి కనిపించింది.

"అమ్మొద్దులేరా" అంది, "తింటాండా గదా."

ఆ తర్వాత యాభై ఏళ్లు వ్యాపారం చేశాను. నోరు మూసుకొని కూర్చుని, ఒక మనిషి తింటుంటే అంత సంతోషంగా చూసిన పూట మళ్లీ రాలేదు.