కమలవ్వ చదవని బైబిలు

కమలవ్వ చేతిలో బైబిలు లేకుండా కోరుట్లలో ఎవరూ చూడలేదు. ఆ బైబిలును కమలవ్వ చదవగా కూడా ఎవరూ చూడలేదు.

నల్ల అట్ట, ఎర్ర అంచులు, చిన్న దిండంత లావు. దాన్ని చంకలో ఇరికించుకుని పొద్దున్నే బయల్దేరుతుంది. ఏ ఇంటికి పోయినా ఒక్క మనిషినే పట్టుకుంటుంది. పుస్తకం తెరిచి ఆ మనిషి చేతుల్లో పెట్టి, "నువ్వు చదువు బిడ్డా, నేనింట" అంటుంది. రెండో మనిషి వచ్చి పక్కన చేరితే పుస్తకం మూసేస్తుంది. గుంపుకు చదివి చెప్పడానికి పాస్టరుకు జీతమిస్తున్నామని, తనది ఒక్కరికి ఒక్కరే పద్ధతని అంటుంది. తలుపు దగ్గరికేయించి మరీ కూర్చుంటుంది.

మీరే చదవరాదా అవ్వా అని ఎవరైనా అంటే సాకులకు కొదవ లేదు. ఒకరోజు కళ్లద్దాలు ఇంట్లో మర్చిపోతుంది, ఒకరోజు గొంతు పట్టేస్తుంది, ఒకరోజు కంట్లో నలుసు పడుతుంది. ఆ అద్దాలు మెడలో తాడుకు వేలాడుతూనే ఉంటాయి.

దాంతో ఊరు రెండు పార్టీలైంది. కమలవ్వకు చదువు రాదని ఒక పార్టీ, వస్తుందని ఒక పార్టీ. బస్టాండు దగ్గర టీ కొట్టులో ఈ చర్చ ఎన్నికల చర్చ కంటే గట్టిగా నడిచేది. కంటి పరీక్షల క్యాంపు పెట్టినప్పుడు గోడ మీది చార్టులో ఆఖరి వరుస దాకా గడగడా చదివేసిందని తెలిసి రెండో పార్టీ గెలిచినట్టే అనుకున్నారు. కానీ క్యూలో ఆమెకు ముందు నిలబడిన సారయ్య అదే చార్టు పైకి చదివాడట. విని ఒప్పజెప్పి ఉంటుందని మొదటి పార్టీ వాదించింది. కేసు మళ్లీ మొదటికొచ్చింది.

నేను బీడీ కార్మికుల సంఘంలో పనిచేస్తాను. దేవుడితో నాకు పెద్ద పరిచయం లేదు, పంచాయితీ కూడా లేదు. దేవుడి పేరు చెప్పి మనుషుల మధ్య గోడలు కట్టేవాళ్లతోనే నా పంచాయితీ. అందుకే కమలవ్వ ఒకరోజు సంఘం ఆఫీసుకొచ్చి నా చేతుల్లో బైబిలు పెట్టినప్పుడు కాదనలేకపోయాను. ఒక తప్పిపోయిన గొర్రెపిల్ల కథ చదివించింది. మధ్యలో ఆపి, మిగతా మందను వదిలి ఒక్కదాని కోసం పోవడం సంఘం లెక్కన కరెక్టేనా అని అడిగింది. నేను మెజారిటీ లెక్క చెప్పబోయాను. ఆమె మాత్రం ముసిముసిగా నవ్వుకుంటూ, నేను మధ్యాహ్నం దాకా మడతపెట్టుకోవాల్సిన కరపత్రాల దొంతర మొత్తం మడతపెట్టేసి లేచింది.

నాదీ మొదటి పార్టీయే. అక్షరం రాక సిగ్గుపడుతుందేమోనని, మహిళలకు చదువు చెప్పే సాయంత్రం తరగతిలో ఆమె పేరు రాయించాను. పంతులమ్మ భవ్యశ్రీ మర్నాడు ఫోన్ చేసింది.

"రమక్కా, ఎవరిని పంపినవే? తరగతంత అయిపోయినంక చూస్తె నేనే ఆమెకు బైబిలు చదివి వినిపిస్తున్న."

"మరి ఆమె ఏం చేసింది?"

"పలకలన్ని కడిగి తుడిచి పెట్టింది."

మా వైపు ఇంటింటికీ ఒక బీడీల చాట ఉంటుంది. చాటలో కత్తిరించిన తునికాకు, తంబాకు, దారం. దాన్ని ఒళ్లో పెట్టుకుంటే ఆడమనిషికి ఇంక లేవడం ఉండదు. మెడలు వంగిపోయి, ఊపిరి చెడిపోయి చుట్టిన ఆ బీడీల మీదే ఇక్కడ పిల్లలు చదివారు, ఇళ్లు లేచాయి, మగవాళ్లు దుబాయికి టికెట్లు కొన్నారు. ఊళ్లో విగ్రహాలు మాత్రం వేరేవాళ్లవి ఉన్నాయి. కమలవ్వ కూడా వయసంతా ఆ చాటకే ఇచ్చింది. పింఛను వచ్చాకే చాట దించి బైబిలు ఎత్తుకుంది.

ఈ కథలో అసలు కష్టం నాగవ్వది. ఆమెకు కుడి మణికట్టు పట్టేసింది. కరీంనగర్ డాక్టరు పట్టీ వేసి, రెండు నెలలు ఆ చేతితో పని చేయొద్దన్నాడు. చెప్పడానికి ఆయనదేం పోయింది. కార్ఖానాకు రోజూ బీడీలు అప్పజెప్పకపోతే కార్మికురాలి కార్డు తీసేస్తారు. కార్డు పోతే పీఎఫ్ పోతుంది, రేపటి పింఛను పోతుంది. ఆమె భర్త పరశురాములు మరమగ్గం మీద పనిచేస్తాడు. మగ్గాలు నెలలో సగం రోజులు ఆగే ఉంటాయి. ఇల్లు నడిచేది ఆ కార్డు మీదే.

బీడీలు లెక్కగట్టి తీసుకునే కార్ఖానా టేకేదారు రాయమల్లు దగ్గరికి నేను రెండుసార్లు పోయి కొట్లాడాను. చెయ్యి నొచ్చిన మనిషి కార్డు తీసే హక్కు నీకెవరిచ్చారని అడిగాను. పైవాళ్లు కార్డులు తగ్గించమంటున్నారని, బీడీలు రాకపోతే తానేం చేయలేనని ఆయన అన్నాడు. ఇంటోళ్లు సాయం పడితే అభ్యంతరం లేదట, బయటివాళ్లతో చుట్టించి నడిపిస్తే మాత్రం ఒప్పుకోడట. నాగవ్వ ఇంట్లో ఇంకో ఆడమనిషి లేదు. అది తెలిసే అన్నాడు.

ఆ వారంలోనే వింత మొదలైంది. నాగవ్వ బీడీలు మళ్లీ నిండుగా కార్ఖానాకు వస్తున్నాయి.

పరశురాములు నా దగ్గరికి పరేషాన్‌గా వచ్చాడు. వచ్చింది కమలవ్వ మీద ఫిర్యాదుకి. రోజూ వచ్చి తలుపేసుకుని తన భార్యతో బైబిలు చదివిస్తోందని, వాడలో అందరూ నీ భార్య మతం మారుతుందట గదా అని ఎత్తిపొడుస్తున్నారని, పైగా ఫలానా వాడ మనిషి తన ఇంటి లోపలి అర్రలో కూర్చోవడమేమిటని ఏకరువు పెట్టాడు. ఆ ఆఖరి మాటకు నేను గట్టిగానే తగులుకున్నాను. అతను తల వంచుకున్నాడు గానీ లేవలేదు.

"మరి వద్దని చెప్పకపోయినవా?"

"ఎట్ల చెప్పాలె అక్కా? ఆమె వచ్చినకాన్నుంచి మా ఆమె చెయ్యి నయమైంది. చాట నిండుతున్నది. గది ప్రార్థన మహిమే అయితె, వద్దని నా నోటితోని ఎట్ల అనాలె?"

ఈ మహిమ సంగతి నాలుగు రోజుల్లో ఊరంతా పాకింది. చర్చి పాస్టరు అరుణ్‌కుమార్ కొత్తగా చదివి వచ్చిన పిల్లవాడు, ఉత్సాహం ఎక్కువ. మూడు ఆదివారాలుగా పొగాకు పాపం మీద ప్రసంగాలు చేస్తున్నాడు. ఇప్పుడు తన చర్చి మనిషి ప్రార్థనతో స్వస్థత జరిగిందని విని ఆగలేకపోయాడు. నాగవ్వ చేత సాక్ష్యం చెప్పించడానికి మైకు కూడా మాట్లాడాడు.

అటు రాయమల్లుకు వేరే అనుమానం. పుట్టి పెరిగింది బీడీల మధ్య. నాగవ్వ కట్ట ఒకటి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"గీ చెయ్యి నాగవ్వది కాదు. ఇంత సాపుగ చుట్టేటోళ్లు ఇప్పుడెవలున్నరు? రేపు నేనే పోయి చూస్త. బయటి మనిషి చుడుతున్నట్టు కండ్ల పడ్డదా, కార్డు అక్కడికక్కడ తీసేస్త."

మర్నాడు పొద్దున నాగవ్వ గడప ముందు నలుగురం తేలాం. మహిమ చూడ్డానికి పాస్టరు, మోసం పట్టుకోవడానికి రాయమల్లు, కార్డు కాపాడ్డానికి నేను. తన ఇంట్లోకి తను పోవడానికి భయపడుతూ పరశురాములు. తలుపు దగ్గరికేసి ఉంది. లోపలినుంచి నాగవ్వ గొంతు ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ వినిపిస్తోంది. ఐదో తరగతి చదువు మరి. మొగుణ్ని పోగొట్టుకున్న రూతు, అత్త వెంట పరాయి దేశం పోయి, వేరేవాళ్ల చేనులో కోతల్లో రాలిన పరిగె ఏరుకునే కథ అది.

మధ్యలో ఆగి అడుగుతోంది. "అక్కా, గా చేను ఆసామి మంచోడేనా? మన రాయమల్లు అసొంటోడు కాదు గదా?"

రాయమల్లు దగ్గాడు. పరశురాములు తలుపు నెట్టాడు.

నాగవ్వ గోడకు ఆనుకుని, పట్టీ వేసిన చెయ్యి దిండు మీద పెట్టుకుని, ఎడమ చేత్తో బైబిలు పట్టుకుని ఉంది. ఎదురుగా కమలవ్వ. ఒళ్లో చాట. వేళ్లు ఎవరివో అన్నంత వేగంగా ఆకు చుడుతున్నాయి, మూతి మూస్తున్నాయి, దారం కడుతున్నాయి. మమ్మల్ని చూసి కూడా చేతిలో బీడీ పూర్తి చేసి కట్టలో పెట్టింది.

పాస్టరు ముఖం చూడాలి. ఒక్క క్షణంలో మహిమ పోయింది, మూడు ప్రసంగాలూ పోయాయి.

"అమ్మా, మీరు... బీడీలా?"

"నేను తాగుతలేను గదా అయ్యగారు. ఆమె పని చేస్తున్న. చెయ్యి నొచ్చిన మనిషి పని ఇంకెవలు చెయ్యాలె?"

"నాకొక మాట చెప్తే ఏమైతుండె?"

"మీరు పొగాకు మీద వాక్యం చెప్తుంటె నడుమ లేచి చెప్పాల్నా?"

రాయమల్లు ఇవేమీ వినడం లేదు. ఆయన వచ్చిన పని దొరికింది. కార్డు తెమ్మని చెయ్యి చాపాడు. నాగవ్వ పుస్తకం గుండెకు అదుముకుంది. ఇంటివాళ్లు సాయం చేయవచ్చని నువ్వే అన్నావని నేను అడ్డం పడ్డాను.

"ఇంటోళ్లు అన్న. ఇంటోళ్లు." ఆయన పరశురాములు వైపు తిరిగాడు. "నువ్వు చెప్పు. గీమె నీకేమైతది?"

ఆ ప్రశ్న ఎంత ఎత్తు వేసి అడిగాడో అక్కడ అందరికీ తెలుసు. కమలవ్వది ఏ వాడో తెలుసు, పరశురాములుది ఏ కులమో తెలుసు. గుమ్మంలో అప్పటికే చుట్టుపక్కలవాళ్లు చేరారు. పరశురాములు వాళ్లను చూశాడు. భార్య చేతి పట్టీని చూశాడు. ఆ పట్టీ కింద చెయ్యి నయమైందని తను నమ్మిన ఆ వారమంతా గుర్తొచ్చినట్టుంది.

"మా వదినె."

"ఎట్ల?"

"మా ఆమె ఆమెను అక్క అంటది. అక్కయితె నాకు వదినె గాక ఏమైతది?"

గుమ్మంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఎవరూ కాదనలేదు. రాయమల్లు ఒక బీడీ తీసి వేళ్ల మధ్య తిప్పి చూశాడు. చాపిన చెయ్యి అట్లాగే వెనక్కి తీసుకుని, ఇంటి మనిషే అయితే తనకేం ఫికర్ లేదని, రేపు కట్టలు పొద్దున్నే పంపమని చెప్పి చెప్పుల్లో కాళ్లు దూర్చాడు. పోతూ నాగవ్వతో, "గా ఆసామి కన్న నేను మంచోన్నేనని రాసుకోండ్రి" అన్నాడు.

ఊరి తరఫున నేను అడగాల్సింది ఒకటి మిగిలింది.

"అవ్వా, ఇంతకు నీకు చదువొస్తదా రాదా?"

కమలవ్వ అద్దాలు పెట్టుకుని, నాగవ్వ చేతిలోని పేజీని తలకిందులు వైపునుంచే రెండు వరుసలు తడుముకోకుండా చదివేసింది. అద్దాలు తీసేసింది.

"మరి నువ్వే చదివితె ఏమైతది?"

"నేను చదివితె ఆమె ఇంటది. ఇనేటోళ్ల చేతులు ఊకుంటయా? చుట్టుకుంటనే ఇంటది. ఆ చేతులు జరసేపన్న ఊకుండేది పుస్తకం పట్టుకుంటేనే. బీడీలు చుట్టేటోళ్లకు దేవుడు తన మాట ఎట్లనో చెప్పుకుంటడు. వాళ్ల చేతులకు జర సుఖం మనమే ఇయ్యాలె." తర్వాత పరశురాములు వైపు చూసింది. "ఏం మరిదీ, వదినె ఇంటికొస్తె కోడికూర లేదా?"

పరశురాములు కంగారుగా సంచి వెతుక్కున్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాడు.

"వదినె, నాటుకోడా, ఫారంకోడా?"

జవాబు నాగవ్వ ఇచ్చింది, పుస్తకంలోంచి తలెత్తకుండా. "ఏదన్న తే. ముందుగాల అందరు బయటికి నడువుండ్రి. గా రూతు పిల్ల పొద్దుగూకినంక కళ్లం కాడికి పోయింది, ఆసామి ఏమంటడో ఏమో, నా పానం ఆగుతలేదు."

మేం ముగ్గురం బయటికొచ్చి తలుపు దగ్గరికేశాం. కోళ్ల దుకాణం దాకా కలిసే నడిచాం. అక్కడ పాస్టరు గట్టిగా పట్టుబట్టి నాటుకోడే తీయించాడు.