మెట్లు దిగిన బేరం

మా నాన్నది రాజమండ్రిలో బట్టల కొట్టు. బేరం కుదరకపోతే విసురుగా మెట్లు దిగి వెళ్ళిపోవాలనీ, మూడో మెట్టు దాటకముందే కొట్టువాడు వెనక్కి పిలుస్తాడనీ నాకు అక్షరాలకంటే ముందే తెలుసు. ఆ విద్యని తీసుకెళ్ళి ఆసుపత్రిలో చీటీలిచ్చే కిటికీ దగ్గర ప్రయోగించాను. తెలివి ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవాళ్ళని వైద్యం దాకా తీసుకెళ్ళడం నా పని. ఆ రోజు నా వెంట వచ్చినతను భీమవరం దగ్గర ఐసు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. హెచ్.ఐ.వి. ఉందని తేలి నెలయింది. అతన్ని ఒప్పించడానికి ఆ నెలంతా పట్టింది. అంత ఎండలోనూ పొడుగు చేతుల చొక్కా వేసుకుని వచ్చాడు.

కిటికీలో గుమస్తా నేనిచ్చిన కాగితం చదివి, ఆ చొక్కా చేతుల వంక చూసి, కాగితం వెనక్కి నెట్టాడు.

"ముందు సూదులు మానేసి రమ్మనండి మేడం. అప్పుడు రాస్తాం కార్డు. ఇలాంటోళ్ళకిస్తే మందులు దండగండి."

"మానడానికే మందడుగుతున్నామండి. మానేసొస్తే ఇంక మీతో పనేంటి?"

"రూలండి."

"ఏ రూలండి? చూపించండి, మేమూ చదువుకుంటాం."

"మీకు చూపించాలేంటండీ?"

వెనక వరసలో ఎవరో నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. కాగితం లాక్కుని, "సరే, పై ఆఫీసులోనే తేల్చుకుంటాం" అని మెట్లు దిగాను. ఒకటి, రెండు, మూడు. గుమస్తా పిలవలేదు. వాడికేం? సరుకు కదలకపోతే వాడి జీతం ఆగుతుందా? ఆపాటి సంగతి కొట్టువాడి కూతురికి తట్టలేదు.

పక్కకి చూస్తే అతను లేడు. గేటు బయట ఆటో ఎక్కుతున్నాడు. పరుగెత్తి ఆటో కడ్డీ పట్టుకున్నాను.

"ఎక్కడికండి?"

"మీరే వదిలేసొచ్చారు కదండీ. ఇంకేముందండి అక్కడ?"

"అది ఉత్తుత్తి కోపమండి. బేరం."

"నాతోనాండి బేరం?"

కడ్డీ వదిలి దణ్ణం పెట్టాను. చాలాసేపటికి దిగాడు.

ఈసారి కిటికీ జోలికి పోకుండా డాక్టరు గారి గది ముందు నిలబడ్డాం. ఆవిడ బయటికొచ్చి, విని, "అలాంటి రూలేం లేదే" అన్నారు. హెచ్.ఐ.వి.కీ, మత్తు మానడానికీ, రెండు వైద్యాలకీ కార్డులు రాయడానికి టీ తాగినంతసేపు కూడా పట్టలేదు. లేని రూలు విని అక్కణ్ణుంచి ఎంతమంది తిరిగిపోయారో, వాళ్ళలో ఎంతమంది బతికున్నారో ఎవర్నడగాలి?

మత్తు మాన్పించే మాత్రని నర్సు ఎదురుగానే నాలుక కింద పెట్టుకుని, కరిగేదాకా కదలకుండా కూర్చున్నాడు.

"రేపు కూడా రావాలాండి?"

"రోజూ రావాలి. చీటీ ఆ కిటికీలోనే తీసుకోండి" అంది నర్సు.

"ఆయన దగ్గరేనాండి?"

"ఆయనే."

అతను నా వంక చూశాడు. రోజూ నేను రాలేనని అతనికీ తెలుసు.