అమ్మను అప్పగించిన ఆదివారం

మా అమ్మ టీచరు. సత్తుపల్లిలో మిషన్ బడిలో పాఠాలు చెప్పేది. నాన్న పోయిన రెండేళ్లకు మా బాప్టిస్టు సంఘాలన్నీ కలిసి ఆమెను ఆఫ్రికాలోని మలావీ దేశానికి పంపాయి, అక్కడి పిల్లలకు చదువూ బైబిలు వాక్యమూ చెప్పడానికి. అప్పుడు నేను నాలుగో తరగతి. పెనుబల్లిలో అమ్మమ్మ దగ్గర పెరిగాను. ఫారిన్ పోయిన మీ అమ్మ ఏం పంపిందని బళ్లో పిల్లలు అడిగేవాళ్లు. మేం ప్రార్థించాల్సిన అంశాలు రాసి పంపిందని చెప్పలేక చాక్లెట్లు అని చెప్పేదాన్ని.

రోజూ పడుకోబోయే ముందు అమ్మమ్మ నన్ను మోకరింపజేసి ఒకటే ప్రార్థన చేయించేది. ప్రభువా, మా అమ్మను నీ పనిలో వాడుకో, అక్కడి బిడ్డలకు ఆమెను తోడుగా ఉంచు, ఇక్కడ మాకు ఏ కొదువా లేదు. మొదట్లో మధ్యలో ఏడ్చేదాన్ని. అమ్మమ్మ కోప్పడేది కాదు. మళ్లీ మొదటి నుంచి చెప్పించేది. కొన్నాళ్లకు ఏడుపు ఆగిపోయింది. ప్రార్థన మాత్రం ఎక్కాల్లాగా నోటికి వచ్చేసింది.

పోయినేడు అమ్మ సెలవు మీద వచ్చింది. నాలుగైదేళ్లకోసారి వస్తుంది. ఈసారి వచ్చేసరికి నాకు పెళ్లయింది, కడుపుతో ఉన్నాను. మా ఆయన ఓపెన్ కాస్టు బొగ్గు గనిలో డంపర్ లారీ నడుపుతాడు. మధ్యాహ్నం గనిలో పేలుళ్లు జరిగితే మా క్వార్టర్లో గిన్నెలు కదులుతాయి. అమ్మ ప్రతిసారీ ఉలిక్కిపడేది. నేను కూర కలుపుకుంటూనే ఉండేదాన్ని.

మాలో తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. మా అత్తగారిది కారేపల్లి. మంచి మనిషే గానీ నోట్లో మాట దాగదు. మీ అమ్మ వచ్చింది గద, ఇగ తీస్కపోతదా అని అడిగింది. ఎక్కడికి తీసుకుపోవాలి? అమ్మమ్మ పోయాక పెనుబల్లి ఇల్లు కిరాయికి ఇచ్చేశాం. అమ్మే మా ముందు గదిలో చాప వేసుకుని పడుకుంటోంది. పుట్టిల్లే నా అత్తింటికి చుట్టమై వచ్చినట్టుంది నా పని. అమ్మ సెలవు ఆగస్టుతో సరి. అక్కడ బడి సెప్టెంబరులో తెరుస్తారు. డాక్టరమ్మ నాకు అక్టోబరు అని చెప్పింది. ఇవన్నీ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి మాట్లాడలేదు.

సెలవు అనడమే గానీ అమ్మకు తీరికేదీ? ఆమెను పంపిన సంఘాలన్నీ తిరిగి అక్కడ చేసిన పని గురించి సాక్ష్యం చెప్పాలి. ప్రొజెక్టరుతో గోడ మీద ఫొటోలు వేసి చూపించేది. నీలం యూనిఫారాల్లో పిల్లలు వరసగా నిలబడి నవ్వుతుంటే, వీళ్లంతా నా పిల్లలు అనేది. వెనక కుర్చీలో కూర్చుని నా కడుపు మండుతుందేమో అని చూసుకున్నాను. మండలేదు. ఏమీ అనిపించలేదు. ఆ పిల్లల్లో ఒకమ్మాయికి జడలు చక్కగా వేశారు, ఎవరు వేశారో అనుకున్నాను.

భద్రాచలం దాటి అడవిలో ఒక కోయ గూడెంలో సభ ఉందంటే నేనూ బయల్దేరాను. ఈ ఒంటితో ఆ రోడ్ల మీద ఎందుకని మా ఆయన అన్నాడు. అమ్మతో ఎక్కడికైనా పోవాలంటే సభకే పోవాలి, వేరే దారి లేదు. అమ్మ తెలుగులో చెబుతుంటే ఆ ఊరి పాస్టరు కోయలో చెప్పాడు. సభ అయ్యాక ఒక ముసలమ్మ వచ్చి నా పొట్ట మీద చెయ్యి వేసి చూసింది. ఆడపిల్లే అంది. తర్వాత అమ్మ వైపు తిరిగి, కాన్పు దాకా ఉంటావా అమ్మగారూ అని తెలుగులో అడిగింది. అప్పటిదాకా ఆపకుండా మాట్లాడిన అమ్మ మంచినీళ్లు కావాలంది.

తిరుగు బస్సులో అమ్మ నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. 

"నువ్వు ఉండమంటే ఉంటా, బిడ్డా. బడోళ్లకు ఫోన్ చేసి చెప్త. ప్రార్థన చేసుకొని చెప్పు."

మా ఇళ్లలో అంతే. కోడిని కొయ్యాలా వద్దా అన్నా ప్రార్థన చేసుకునే చెప్పాలి. నీకేం కావాలి అని సూటిగా అడగరు, ఒకవేళ చెప్పినా అది దేవుని చిత్తం కాదు, శరీరాశ అంటారు. నాకేం కావాలో బస్సు ఎక్కకముందే నాకు తెలుసు. అమ్మ ఉండాలి. కాన్పంటే నాకు భయం. నొప్పులొచ్చినప్పుడు పట్టుకోవడానికి ఆ చెయ్యే కావాలి. దీనికి మళ్లీ దేవుణ్ణి అడిగేదేముంది? కానీ సరేనమ్మా అని కిటికీ వైపు తిరిగాను.

ఆ తర్వాత ఇద్దరం ఆ ఊసు ఎత్తలేదు. నేను ప్రార్థిస్తున్నానని ఆమె అనుకుంది. ఆమె మళ్లీ అడుగుతుందని నేను చూశాను. ఈలోపు పచ్చళ్లు పెట్టాం, సూట్‌కేసు సర్దాం. గోంగూర డబ్బా కారకుండా కవర్లు చుట్టింది నేనే.

చివరి ఆదివారం సత్తుపల్లి గుడిలో సాగనంపే కూడిక. సేవకు పోయేవాళ్ల మీద ఇంటి మనిషి ఒకరు చెయ్యి ఉంచి అప్పగింపు ప్రార్థన చెయ్యడం మా సంఘాల్లో ఆనవాయితీ. ఎప్పుడూ అమ్మమ్మ చేసేది. ఆమె లేదు గనక ఈసారి ఎవరు చెయ్యాలన్న సంగతి ఆ రోజు దాకా నాకు తట్టలేదు. పాస్టరుగారు నా పేరు పిలిచారు. పొట్ట పట్టుకుని ముందుకు పోయాను. అమ్మ మోకరించింది. ఆమె తల మీద చెయ్యి పెట్టాను. జుట్టు బాగా పలచబడిపోయింది.

పెళ్లిలో పిల్లను అప్పగించేటప్పుడు కన్నవాళ్లు కాసేపు ఏడవనన్నా ఏడుస్తారు. నాకు కన్ను తడవలేదు. ప్రభువా అన్నాను. తర్వాత ఏమనాలో ఆలోచించేలోపే నోరు దానంతటదే సాగిపోయింది. మా అమ్మను నీ పనిలో వాడుకో. అక్కడి బిడ్డలకు ఆమెను తోడుగా ఉంచు. ఇక్కడ, అని ఒక్క క్షణం ఆగాను. ఆగితే వేరే మాట వస్తుందేమో అనుకున్నాను. మాకు ఏ కొదువా లేదు, అన్నాను. గుడి అంతా ఆమెన్ అంది.

జనం భోజనాలకు లేచారు. అమ్మ ఇంకా నా చెయ్యి వదల్లేదు. ముఖమంతా తడి.

"నువ్వు ఉండమంటవేమోనని రోజూ చూసిన. అంటే ఉండిపోదామనే అనుకున్న," అంది. "దేవుడు నీ నోటితోనే చెప్పిచ్చిండు."

దేవుడు కాదు, అమ్మమ్మ చెప్పించింది అనాలి. ఉండమ్మా అనాలి. ఆ మాట చిన్నదే. ఆమె నా ఎదురుగానే ఉంది, విమానానికి ఇంకా రెండు రోజులుంది, మా చుట్టూ ఎవరూ లేరు. అమ్మ నా ముఖంలోకి అలాగే చూస్తోంది. ఎందుకో తెలియదు, కొంగుతో ఆమె చెంపలు తుడిచాను.

"అవ్ అమ్మా," అన్నాను. "తిందాం పా, అన్నం సల్లారుతుంది."