బయలుదేరే ముందు ఒక నిమిషం

మా డ్రైవరన్న పోయాడని బురైదా నుంచి ఫోన్ వచ్చినప్పుడు నేను సౌదీలోనే ఇంకో మూల, ఖమీస్ ముషైత్ ఊళ్లో ఒక ఇంటి డాబా మీద ఏసీ విప్పుతున్నాను. పొద్దున ఖర్జూరం తోటకు లారీ తీసుకుపోయి, నీడన ఆపి, స్టీరింగ్ మీద తల వాల్చాడట. గుండె ఆగిందన్నారు. శవాన్ని సొంతూరు నిజామాబాద్ పంపడానికి కాగితాలు నడుస్తున్నాయి. ఆయన గురించి నేను ఇప్పుడైనా నాలుగు మాటలు చెప్పాలి. చెప్పాల్సిన రోజున నోరు మెదపలేదు.

మా పనివాళ్ల వ్యాన్ నడిపింది ఆయనే. సౌదీకి రాకముందు ఐదేళ్లు రష్యాలో, ఉత్తచేత్తో ఇనుము ముట్టుకుంటే చర్మం ఊడొచ్చేంత చలిలో వెల్డింగ్ చేశాడు. అక్కడి అలవాట్లు కొన్ని ఆయనతోనే ఇక్కడికి వచ్చాయి. నేను జగిత్యాల నుంచి వచ్చిన మొదటి రోజు, గది గడప బయట నిలబడి చెయ్యి చాపితే అందుకోలేదు. నా మనసు చివుక్కుమంది. ఆయన నన్ను భుజం పట్టి లోపలికి లాగి, అప్పుడు చెయ్యి కలిపాడు. గడప మీంచి చెయ్యి కలిపితే తగాదా వస్తుందని రష్యావాళ్ల నమ్మకమట. తర్వాత రొట్టె ముక్క తుంచి, ఉప్పులో అద్ది ఇచ్చాడు. ఇంటికొచ్చిన వాళ్లకు అక్కడ అదే మర్యాదట.

"ఉప్పు తిన్నవ్, ఇగ మావోనివే" అన్నాడు.

ఎక్కడికి బయలుదేరినా అందరినీ ఒక నిమిషం మాటల్లేకుండా కూర్చోబెట్టేవాడు. అదీ అక్కడిదే. ఒకసారి గడ్డకట్టిన నది మీదుగా లారీలో పోవాల్సి వచ్చిందట. ముసలి డ్రైవరు ముందు అందర్నీ కూర్చోబెట్టి, తర్వాత బెల్టులు తీయించి, తలుపులు తెరిచే ఉంచి, మంచు మీదికి బండి దించాడట. మంచు పగిలితే దూకడానికి. కింద పటపటమని చప్పుడవుతుంటే తలుపులు పట్టుకునే ఆవలి ఒడ్డు చేరారట. ఈ కథ విని మేం నవ్వుకునేవాళ్లం.

రెండేళ్ల కిందట ఘాటు దిగి, కింద ఒక బడిలో ఏసీలు బిగించడానికి, ఆ పొద్దున కూడా ఒక నిమిషం కూర్చున్నాకే, ఆరుగురం అన్న వ్యాన్‌లో బయలుదేరాం. ముందు జీపులో సూపర్‌వైజరు. దారిలో ఎండిన వాగు అడ్డం వచ్చింది. ఇక్కడ దాన్ని వాది అంటారు. జీపు దాటిపోయింది. మా అన్న ఒడ్డున వ్యాన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు.

మా నెత్తిన ఎండ కాస్తోంది. వెనక కొండల మీద మాత్రం నల్లటి మబ్బు. ఇసుకలో సన్నగా బురదనీరు పాకుతోంది. అవతలి నుంచి సూపర్‌వైజరు అన్నకు ఫోన్ చేసి అరిచాడు. దాటకపోతే వీసా రద్దు చేసి, ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపిస్తానన్నాడు. అన్న ఫోన్ పక్కన పెట్టి మబ్బు వైపే చూస్తున్నాడు. వ్యాన్‌లో మావాళ్లూ గొణగడం మొదలుపెట్టారు. నేనైతే, భయముంటే ఇంట్లో కూర్చోవాల్సిందని ఆయన మొహం మీదే అన్నాను.

ఆయన వ్యాన్ తలుపు తెరిచాడు. "దిగుండ్రి. సామాను ఆడనే ఉండనియ్యిండ్రి. గుట్ట మీదికి ఎక్కుండ్రి" అన్నాడు.

తిట్టుకుంటూనే ఎక్కాం. ఆయన వ్యాన్‌ను వెనక్కి నడిపి ఎత్తు మీద పెట్టి వచ్చాడు. ఇంతలో కంకర లారీ గుమ్మరించినట్టు చప్పుడు. మలుపు తిరిగి నీళ్లు వచ్చాయి. ఎర్రటి నీళ్లు, వాటిలో చెట్లు, రాళ్లు. మేం ఆగిన చోటు మునిగిపోయింది. అవతల సూపర్‌వైజరు చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. 

పొద్దున కూర్చోబెట్టినందుకే బతికామా అన్నా అని అడిగాను. నేనన్న మాటకు క్షమించమని అడగడం చేతకాక అలా అడిగాను.

"కూసుంటే పానం దక్కుతదని కాదు తమ్మీ. కూసుంటే తొందర తగ్గుతది. తొందర తగ్గితే తొవ్వ కనవడ్తది."

సూపర్‌వైజరు మాట విననందుకు వారంలోపే ఆయన్ను బురైదా తోటల పనికి బదిలీ చేశారు. ఆరుగురం బతికి ఉన్నాం, ఒక్కరమూ ఆఫీసుకు పోయి జరిగింది చెప్పలేదు. ఇక్కడ ఉండనిచ్చే మా ఇకామా కార్డులు పోతాయేమోనని భయపడ్డాం. ఆయన మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. పండక్కి ఫోన్ చేసి, పిల్లలు బాగున్నారా అని అడిగేవాడు.

ఆయన్ను తలచుకుంటే నాకు ఆ వరద రోజు సాయంత్రమే కళ్ల ముందుకొస్తుంది. వరద తీసింది. ఆయన ప్యాంటు మోకాళ్ల పైకి మడిచి, చేతిలో ఇనుప పైపుతో బురదలోకి దిగాడు. వ్యాన్ దాటేంత గట్టి నేల ఉందా అని పైపు గుచ్చి చూసుకుంటూ, ఒక్కో అడుగు వేస్తూ వాది మధ్యకు పోయాడు. మేం గట్టు మీద నిలబడి చూస్తున్నాం. వెనక్కి తిరగకుండానే ఎడమ చెయ్యి పైకెత్తాడు, ఇంకా దిగొద్దన్నట్టు.